గాలికి పోయిన తోటలు: కళింగనగరము, ఉద్దానము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఉద్దానమనగా ఉద్యానమేయని ఈ సీమవారందరును ఎరిగినదే. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో సముద్రమునకును మహేంద్రగిరికిని నడుమ పరచుకొనియున్న కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలకు జనులు పెట్టుకొన్న పేరది. విద్య అను మాట తెనుగువారి నోట విద్దె యైనట్లే ఉద్యానము ఉద్దానమైనది. పాళీభాషలో ఇదియే ఉయ్యానము. వ్యాకరణమున ఇది చిన్నసంగతి. కాని ఒక సీమకంతకు తోటయని పేరుండుట చిన్నసంగతి కాదు. ఊళ్లకు దేవతల పేర్లు, రాజుల పేర్లు, చెరువుల పేర్లు కోకొల్లలు. ఏడు మండలముల నేలకు తోట పేరు పెట్టుట అరుదు.

అయితే గడచిన పాతికేండ్లుగా ఉద్దానమను మాట పత్రికలో కనబడినచో పొరుగుజిల్లాల చదువరికి తోట తోచుట లేదు. మూత్రపిండముల వ్యాధి తోచుచున్నది. వ్యాధి నిజము. దాని కారణమింకను శాస్త్రజ్ఞులకు పూర్తిగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరు 14వ తేదీన పరిశోధనకేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభింపబడినవి. ఆ విషయము వైద్యులు చెప్పవలసినది. ఈ ప్రసంగమునకు తగినది వేరొకటి కలదు. పేరులో తోట ఉండియు తోట మరుగుపడినదే, ఆ తోట ఎప్పటిది? ఎన్నిమారులు పోయినది? ఎన్నిమారులు తిరిగి వచ్చినది? దాని ఆనవాళ్లు ఎచ్చట వెదకవలెను?

వెదకుటకు మొదట పాత రాజధానికి పోవలెను. భువనేశ్వరమునకు చేరువనున్న ఉదయగిరిలో హాథీగుంఫా, అనగా ఏనుగుగుహ, కలదు. దాని నుదుట బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో 17 పంక్తుల శాసనము చెక్కబడియున్నది. కళింగాధిపతియైన ఖారవేలుడు తన యేలుబడిలో ఏ యేట ఏమి చేసెనో వరుసగా వ్రాయించిన శాసనమది. దానిని క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దమునకు చెందినదని కొందరును, మొదటి శతాబ్దమునకు చెందినదని కొందరును అందురు. రాయి అరిగి అక్షరములనేకము చెడిపోయినవి. అదృష్టవశమున మొదటి యేటి పద్దు మిగిలియున్నది.

ఖారవేలుడు 24 ఏండ్లు నిండినపిదప పట్టాభిషిక్తుడయ్యెను. ఆ మొదటి సంవత్సరముననే, గాలి కొట్టగా చెడిన కళింగనగరపు గోపురములను, కోటగోడను, ఇండ్లను బాగుచేయించెను. చల్లని తటాకముల కట్టలు కట్టించెను. తోటలన్నిటిని మరల నెలకొల్పించెను. ఇందులకైన పద్దు 35 లక్షలు. ఆ సంఖ్య ధనమునకు గాక ప్రజల సంఖ్యకు చెల్లునని వాదించిన పండితులును కలరు. ఏదియైనను, పని ఏమి జరిగినదో దానియందు వివాదము లేదు.

శాసనములోని మాట ‘వాతవిహత’ అనునది. గాలిచేత కొట్టబడినదని అర్థము. తుపాను అను మాట అప్పటికి పుట్టలేదు. తుపాను మాత్రము పుట్టియున్నది. కోటగోపురమును పడగొట్టిన గాలి ఏ పాటిదో ఈ సభలోనివారికి వర్ణించి చెప్పనక్కరలేదు.

లెక్కలు వ్రాసి అలవాటైన కన్నుతో ఈ పద్దును చదివినచో కొన్ని సంగతులు తట్టును. కోటగోడయు తోటయు ఒకే పద్దులో నున్నవి. గోడ రాజ్యరక్షణకు, తోట విలాసమునకు అని ఆ రాజు విడదీయలేదు. ఆ మీదటి సంవత్సరమున మాత్రమే ఆయన శాతకర్ణిని లెక్కచేయక పడమటికి సేనలను పంపెను. అనగా దండయాత్రకు ముందు తోటపని జరిగినది. మరియు తోటలు వేయించెనని శాసనము చెప్పుట లేదు. మరల నెలకొల్పించెనని చెప్పుచున్నది. అంతకు మున్నే తోటలుండెను. అవి ఎవరివో, ఏనాటివో రాయి చెప్పదు. కళింగసీమ తోటలనుగూర్చి మనకు దొరకిన మిక్కిలి పాతమాటలలో ఇదియొకటి. అది తోట నాటిన కథ కాదు. పోయిన తోటను తిరిగి నిలిపిన కథ.

ఆ రాజే తన అయిదవయేట, పూర్వము నందరాజు త్రవ్వించిన కాలువను పొడిగించి నగరములోనికి తెచ్చెను. నీరు లేక తోట నిలువదని ఆయనకు తెలియకపోలేదు.

దీనిని మన కావ్యములలోని తోటలతో పోల్చిచూడవలెను. మహాకావ్యమునకు ఉండవలసిన వర్ణనలలో ఉద్యానక్రీడను దండి చేర్చెను. అప్పటినుండి సంస్కృతమునగాని తెనుగునగాని తోట వర్ణింపని ప్రబంధకవి లేడనవచ్చును. మామిడి చిగుర్చును, అశోకము పూచును, పొగడ రాలును, కోయిల కూయును. ఒక ఋతువున పూచునది, వేరొక ఋతువున కాచునది అన్నియు ఒక్క పద్యములో ఇముడును. కవితోటలోనికి గాలివాన రాదు. మలయమారుతము మాత్రమే వచ్చును. అందుచేతనే కావ్యములు ఎన్ని చదివినను తూర్పుతీరపు తోట సంగతి తెలియదు. దానికి పాడైన రాతిమీది పద్దే మేలు.

ఇక ఆ కళింగనగరము ఎక్కడిది? భువనేశ్వరమునకు చేరువనున్న శిశుపాలగఢమే అదియని పలువురు పండితుల మతము. 1948లో బి.బి. లాల్ గారు అచ్చట త్రవ్వకములు జరిపించిరి. నలుచదరపు కోట బయటపడినది. గోడ దొరకినది, రాతితో కట్టిన ద్వారము దొరకినది. తోట దొరకలేదు. దొరకదు కూడను. గోడ కూలినచో రాయి మిగులును. చెట్టు కూలినచో వంటచెరకు మిగులును.

రాతికాలువలు కట్టి వేసిన తోటల సంగతి వేరు. గోలకొండలో నయాకిలా అను కోటభాగమున కుతుబ్‌షాహీల తోట ఒకటి మన్ను క్రింద మరుగుపడియుండగా, 2014లో పురావస్తుశాఖవారు త్రవ్వి నీటికాలువలను, మట్టిగొట్టములను వెలికి తీసిరి. చెట్టొక్కటియు లేకపోయినను తోట ఆకారము తెలిసినది. అదే హైదరాబాదులో జాంబాగు, బషీరుబాగు, బాగులింగంపల్లి అను పేటలున్నవి. బాగు అనగా తోట. తోట పోయి పేరు మిగిలినది. ఉద్దానమున స్థితి దానికి తారుమారు: తోట ఉన్నది, పేరులోని అర్థము పోవుచున్నది.

మన వంశధార ఒడ్డున మరియొక కళింగనగరము కలదు. ఖారవేలుని తర్వాత వెయ్యేండ్లకు గాంగరాజులు ఏలిన రాజధాని అది. నేటి ముఖలింగమే ఆ నగరమని గిడుగు రామమూర్తి పంతులుగారు శాసనములు చదివి నిరూపింపజూచిరి. ఆయన పుట్టినదియు ఆ చేరువనున్న పర్వతాలపేటయందే. అచ్చటి దేవుడు మధుకేశ్వరుడు. మధుకమనగా ఇప్పచెట్టు, ఇప్పచెట్టునందు శివుడు వెలసెనని స్థలపురాణము. అనంతవర్మ చోడగంగదేవుని కాలమున రాజధాని ఉత్తరమున కటకమునకు తరలిపోయెను. నగరము పల్లెయైనది. నిత్యపూజ జరుగు అంతటి ఆలయములకు పూలతోటలుండి తీరవలెను. నేడు వాని గట్టులు చూపగలవారు లేరు. ఇప్పచెట్టు మాత్రము దేవుని పేరులో దాగి మిగిలినది.

కాబట్టి రాయిలేని తోటను వెదకువాడు పేర్లను వెదకవలెను, పొలిమేరలను వెదకవలెను. గాంగరాజుల రాగిరేకులలో దానమిచ్చిన భూమికి ఎల్లలు చెప్పునపుడు పుట్ట, గుంట, రాయి, చెట్టు అని గుర్తులు వ్రాయుట ఆచారము. ఇది వట్టి ఆచారము కాదు, ధర్మశాస్త్రము కూడను. సరిహద్దు తగవులు తీర్చు సందర్భమున, పొలిమేరయందు మర్రి, రావి, మోదుగు, బూరుగు, సాలము, తాడి, పాలుగారు చెట్లు నాటవలెనని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున కలదు. అందులో మోదుగునకు వాడిన పదము కింశుకము. దానికే పలాశమని మరియొక పేరు. పలాస పట్టణపు పేరు వినగానే సంస్కృతము తెలిసినవానికి ఆ చెట్టే తోచును. పేరు దానినుండియే పుట్టినదని తీర్పు చెప్పుటకు సాక్ష్యము చాలదు. కాని ఆ పేరు నోట పలుకునపుడెల్ల ఎఱ్ఱని మోదుగుపూవు కంటికి కట్టుట మాత్రము నిజము.

ఇంతవరకు వచ్చిన పిమ్మట ఒక చిక్కు కలదు. ఖారవేలుని తోటలో ఏ చెట్లుండెనో శాసనము చెప్పదు. జీడిచెట్టు మాత్రము లేదని రూఢిగా చెప్పవచ్చును. జీడిమామిడి పుట్టినిల్లు బ్రెజిలుదేశము. పోర్చుగీసువారు పదునారవ శతాబ్దమున దానిని పడమటితీరమునకు తెచ్చిరి. మనవారికి అంతకు మున్నే నల్లజీడి తెలియును, మామిడి తెలియును. క్రొత్తచెట్టు గింజ దానివలె కారమొలుకుచు, పండు దీనివలె తియ్యనగుటచేత రెండు పేర్లు కలిపి జీడిమామిడి యనిరి. అనాస, బొప్పాయి, జామ ఇవియు ఆ ఖండమునుండి వచ్చినవే. ఇసుకదిబ్బలమీది సరుగుడును పరదేశపు చెట్టే. నేడు పలాస పేరు చెప్పినచో దేశమంతట జీడిపప్పే తలచుకొందురు. ఆ పప్పునిచ్చు చెట్టు ఈ నేలకు అతిథియై వచ్చి ఇంటిబిడ్డ యైనది. అందుచేత చెట్ల జాతులనుబట్టి పాతతోటను పోల్చుకొనుట సాధ్యము కాదు. చెట్లు మారినవి. ఇసుకనేల మారలేదు, సముద్రము మారలేదు, గాలి మారలేదు. గాలి వెలిసిన మరునాడు చేయవలసిన పనియు మారలేదు.

ఉద్దానపు తోట రాజోద్యానము కాదు. సముద్రము దెస కొబ్బరి, మెరకనేలను జీడి, ఇంటిదాపున పనస, మామిడి, వాని నీడన అరటి, అనాస, కంద. పనసచెట్టుపై మిరియపుతీగ ప్రాకించినవారును కలరు. మహేంద్రతనయ బారువ వద్దను, బాహుద ఇచ్ఛాపురపు దిగువను సముద్రమున కలియుచున్నవి గాని తోటలు ఎక్కువగా నూతులమీదను వానమీదను ఆధారపడినవే. ఒక అంతస్తు క్రింద మరియొక అంతస్తుగా చెట్లుండుటచేత ఎండ నేలను తాకదు. టెక్కలి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేట వచ్చు గూడబాతులును ఎఱ్ఱకాళ్ల కొంగలును జనుల ఇండ్లనడుమ చెట్లపైననే గూళ్లు కట్టుకొనును. పనసపండ్ల కాలమున, జీడిపండ్ల కాలమున ఎలుగుబంట్లును తోటలలోనికి దిగును. వాని చేతబడి ప్రాణములు కోల్పోయినవారును కలరు గనుక ఆ మాట వేడుకకు చెప్పదగినది కాదు.

ఇట్టి తోటపైకి 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినది. దసరా నవరాత్రులు మొదలై ఒక్కనాడే గడచినది. పలాసకు చేరువ వజ్రపుకొత్తూరు తీరమున అది ఒడ్డునెక్కెను. గాలివేగము గంటకు 140 మొదలు 150 కిలోమీటర్లని వాతావరణశాఖవారి లెక్క; విసరులు 165 వరకు వచ్చినవి. తిత్లీ యనగా సీతాకోకచిలుక. తోటలకు చుట్టమైన ప్రాణి పేరు తోటలను కూల్చిన గాలికి పెట్టబడినది. ఇంతకు ముందు 1999 అక్టోబరులో గోపాలపురము వద్ద ఒడ్డెక్కిన తుపాను, 2013 అక్టోబరు 12న పైలీన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. పంచాంగము తీసి చూచినచో నాలుగును ఆశ్వయుజమాసముననే పడినవి.

గాలి ప్రతిచెట్టును ఒకే తీరున చంపదు. కొబ్బరికి ప్రాణమంతయు ఒక్క మొవ్వులో నున్నది. మొవ్వు విరిగినచో మొండెము నిలిచియున్నను చెట్టు చచ్చినట్లే. జీడిచెట్టు కొమ్మలు గొడుగువలె విచ్చికొనుటచేత గాలి తెరచాపను పట్టినట్లు పట్టి వ్రేళ్లతో పెకలించును. కాని ఒకప్రక్క వ్రేళ్లు మట్టిలో నిలిచినచో విరిగిన కొమ్మలు కోసివేయగా మోడునుండి మరల చిగుర్చు గుణము దానికి కలదు. కూలిన కొబ్బరి దుంగలను తొలగించుట క్రొత్తమొక్క నాటుటకన్న కష్టమైన పని. అవి కుళ్లినచో అందు కొమ్ముపురుగు పెరిగి, మిగిలిన చెట్ల మొవ్వును తొలుచును. అనగా పడిన చెట్టు నిలిచిన చెట్టును పడగొట్టును.

పరిహారమునకు లెక్క తీయవలసి వచ్చినపుడు మరియొక చిక్కు వచ్చినది. కొబ్బరికి చెట్టు లెక్కను, జీడికి హెక్టారు లెక్కను సొమ్ము నిర్ణయింపబడినది. చెట్టు నిలిచియున్నపుడు లెక్కించుట సులభము. ఒకదానిపైనొకటి పడి దారులు మూసికొన్నపుడు ఏది ఎవరి చెట్టు? గట్టుమీది చెట్టు ఏ సర్వేనంబరుది? కౌలుకు పెంచినవానిదా, పట్టా గలవానిదా? హెక్టారు లెక్కలో నలువదేండ్ల చెట్టును నాలుగేండ్ల మొక్కయు సమానమే. జీడితోట నడుమ తాతలనాటి పనస ఉన్నచో దానికి వేరు గడి లేదు. అధికారులు పగలురేయి పనిచేసిరి. అయినను ముందు వ్రాసి యుంచని దానిని గాలివాన వెలిసిన తర్వాత ఎవరు వ్రాయగలరు?

చెట్టును లెక్కలోనికి ఎక్కించుట మన దేశమున క్రొత్త కాదు. 1908 నాటి మదరాసు ఎస్టేట్ల భూమిచట్టము రైతునకు తన కమతములోని చెట్లపై గల హక్కును గుర్తించినది. ప్రభుత్వభూమిలోని చెట్లకు మదరాసు రాజధాని గ్రామలెక్కలలో 2-సి సంఖ్యగల లెక్క ప్రత్యేకముగా నుండెడిది. తోపు పోరంబోకు అను మాట నేటికిని దస్తరములలో కనబడును. 1948 నాటి చట్టముచే జమీందారీలు రద్దయినవి. 1984లో కరణముల పదవులు రద్దయినవి. కాగితములు చేతులు మారినకొలది భూమి విస్తీర్ణము మిగిలినది గాని చెట్టు వయస్సు, చెట్టు జాతి, నాటినవాని పేరు జారిపోయినవి. ఆ సంగతులు ఇప్పుడు కొందరు ముసలివారి నోట మాత్రమే కలవు. ఫలానా పనస ఎవరి పెండ్లి యేట నాటినదో, ఫలానా కొబ్బరివరుసకు విత్తనపుకాయ ఎచ్చటినుండి తెచ్చిరో వారు చెప్పగలరు. వారు పోయిన పిమ్మట చెప్పువారుండరు.

సప్తసంతానములలో వనమును మన పెద్దలు చేర్చిరి. కొడుకు, చెరువు, గుడి, అగ్రహారము, నిధి, కృతి, వనము. ఇందులో ఒక్క రాత్రి గాలికి మొత్తము పోగలిగినది వనమే. పెద్దల లెక్కలో అది కృతికి ప్రక్కన నిలిచినది. కృతిని నిలుపుటకు గ్రంథాలయము ఉన్నది. వనమునకు కూడ ఇచ్చటి బీరువాలో ఒక పుస్తకమునకు చోటుండవచ్చును. అది పెద్దపని కాదు: రూళ్ల పుస్తకమొకటి, ఏ గట్టున ఏ చెట్టు, ఎవరు నాటిరి, ఏ యేట, కాపు ఎట్టిది, ఏ గాలికి పోయినది. బడిపిల్లలు ఆదివారములందు పెద్దలనడిగి వ్రాయగలరు. ఖారవేలుని లేఖకుడు వ్రాసినది ఒక్క పద్దే. దానివలననే రెండువేల యేండ్లనాటి తోట ఉండెనని మనకు తెలిసినది.

తిత్లీ తర్వాత కొందరు తోటలు విడిచి వలస పోయిరి. విశాఖకు, చెన్నపట్టణమునకు, ముంబయికి ఉద్దానపు కుర్రవాండ్రు పోవుట అంతకుముందే ఉన్నది. ఆ యేట మరింత హెచ్చినది. మిగిలినవారు దుంగలు లాగి, గోతులు త్రవ్వి, ఆ మరుసటి తొలకరికి కొబ్బరిమొక్కలు పెట్టిరి. ఆ పిమ్మట తెల్లదోమ వచ్చి ఆకులను నల్లబరచినది. కొన్ని చచ్చినవి, వాని గోతులలో మరల పెట్టిరి. దేశవాళి కొబ్బరి పూతకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. 2019 తొలకరిన నాటినవి ఆ ఈడునకు వచ్చినవి. వాని నడుమ అరటి గెలలు వేయుచున్నది. జీడిమోళ్లు పెంచిన కొమ్మలు పండ్లు మోయుచున్నవి. పనసను మాత్రము చాలచోట్ల ఎవరును నాటలేదు; తిని పారవేసిన గింజ మొలచి, కంచెప్రక్క మోకాలెత్తు లేచియున్నది.